సిగరెట్ మానేయాలంటే: ఒక్కో సిగరెట్‌కీ ఒక్కో బదులు

"మూడు రోజులు మానేశాను. నాలుగో రోజు టీ కొట్టు దగ్గర మళ్ళీ అంటించాను. నాకు మనోబలం లేదంటారా?" సిగరెట్ మానాలనుకునేవాళ్ళు పదే పదే అడిగేది ఇదే. మనోబలం సంగతి కాసేపు పక్కన పెట్టి ఒక లెక్క చూడండి. రోజుకు 12 సిగరెట్లు, ఒక్కోదానికి సుమారు 10 దమ్ములు అనుకుంటే, మీ చెయ్యి రోజుకు 120 సార్లు నోటి దగ్గరకు వెళ్తోంది. ఏడాదికి 43,000 సార్లు పైమాటే. మానేసిన రోజు నికోటిన్ ఒక్కటే ఆగదు. ఆ చేతికి పని పోతుంది, టీకి తోడు పోతుంది, భోజనం అయిందన్న గుర్తు పోతుంది. ఆ ఖాళీలను ఏదో ఒకదానితో నింపకపోతే సిగరెట్టే తిరిగొచ్చి కూర్చుంటుంది.

అందుకే ఇక్కడ రెండు పనులు కలిపి చేస్తాం. మందుల షాపులో దొరికే నికోటిన్ గమ్ ద్వారా నికోటిన్‌ను నెమ్మదిగా తగ్గించడం ఒకటి. రోజులో ఒక్కో సిగరెట్ ఉండే చోట దానికి సరిపడే బదులు పెట్టడం రెండోది. మొదటిది చేసి రెండోది వదిలేసేవాళ్ళే ఎక్కువగా వెనక్కి వెళ్తారు.

కావలసినవి

- జేబులో పట్టే చిన్న కాగితం, పెన్ను
- నికోటిన్ గమ్, 2 మిల్లీగ్రాములది. మొదటి వారానికి 60 నుంచి 70 ముక్కలు. ఇది మందుల షాపులో సాధారణంగా చీటీ లేకుండానే ఇస్తారు. 4 మిల్లీగ్రాములదానికి డాక్టర్ చీటీ కావాలి
- ఒక చిన్న డబ్బాలో సోంపు, యాలకులు, వేలెడు పొడవున విరిచిన దాల్చిన చెక్క ముక్కలు, ఎండు ఉసిరి ముక్కలు
- లీటరు నీళ్ళ సీసా
- విషయం తెలిసిన ఒక మనిషి, ఇంట్లోవాళ్ళైనా ఆఫీసులోవాళ్ళైనా. మీరు ఫోన్ చేస్తే ఐదు నిమిషాలు మాట్లాడగలిగితే చాలు
- ఫోన్‌లో రెండు నంబర్లు. జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356, ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు. మీ సిగరెట్ ప్యాకెట్ మీద అచ్చేసి ఉండేది ఈ నంబరే. 011-22901701కి మిస్డ్ కాల్ ఇస్తే మెసేజ్‌ల ద్వారా సలహాలు వస్తాయి

ముందు డాక్టర్‌ను అడగాల్సినవాళ్ళు: గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్ళ లోపువాళ్ళు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు, గుండె దడ ఉన్నవాళ్ళు, కడుపులో పుండు ఉన్నవాళ్ళు. ఆస్తమాకు థియోఫిలిన్, మానసిక సమస్యలకు క్లోజపిన్ లేదా ఒలాంజపిన్, రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడుతున్నవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు కూడా. పొగ ఆగితే ఈ మందులు ఒంట్లో పనిచేసే తీరు మారుతుంది, మోతాదు సరిచేయాల్సి రావచ్చు. అలాగని మానడం వాయిదా వేయకండి. డాక్టర్‌కు తేదీ చెప్పండి, అంతే.

1. నాలుగు రోజులు లెక్క రాయండి

ఇంకా మానకండి, తగ్గించకండి కూడా. కాగితాన్ని మడిచి ప్యాకెట్ మీది పల్చటి కవర్ లోపల దోపండి. ప్రతి సిగరెట్ వెలిగించే ముందు నాలుగు సంగతులు రాయండి: టైము, చోటు, పక్కన ఎవరు, ఎంత యావగా ఉంది. యావకు 1 నుంచి 3 మార్కులు. ఇలా:

6.20 – లేవగానే, బాత్‌రూమ్ – ఒక్కడినే – 3
8.40 – టిఫిన్ అయ్యాక, బాల్కనీ – ఒక్కడినే – 2
10.45 – ఆఫీసు కింద టీ – ముగ్గురం – 3
12.10 – ఫోన్ మాట్లాడుతూ – ఒక్కడినే – 1
2.00 – భోజనం అయ్యాక – ఇద్దరం – 3

వెలిగించాక రాస్తే పనికిరాదు, రాత్రి కూర్చుని గుర్తు చేసుకుని రాస్తే అసలే పనికిరాదు. 1 వేసిన సిగరెట్లు మీకు గుర్తే ఉండవు మరి. నాలుగు రోజుల్లో ఒకటైనా సెలవు రోజు ఉండాలి. ఆదివారం లెక్క వేరుగా ఉంటుంది.

2. ఎంత బలంగా అలవాటైందో చూసుకోండి

రెండే ప్రశ్నలు. నిద్ర లేచిన ఎన్ని నిమిషాలకు మొదటిది అంటిస్తున్నారు? రోజుకు ఎన్ని? అరగంట లోపే అంటిస్తున్నా, రోజుకు 20 దాటుతున్నా పట్టు గట్టిదన్నమాట. మీకు 2 మిల్లీగ్రాముల గమ్ ఒక్కటే సరిపోకపోవచ్చు. డాక్టర్ దగ్గరకు వెళ్ళి 4 మిల్లీగ్రాముల గమ్, చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్, మాత్రలలో ఏది కావాలో మాట్లాడుకోండి. లేచిన గంట తర్వాత గానీ గుర్తురానివాళ్ళకు, రోజుకు ఏడెనిమిది తాగేవాళ్ళకు 2 మిల్లీగ్రాములు చాలు.

బీడీ తాగేవాళ్ళకు ఇక్కడే ఒక మాట. బీడీలో పొగాకు తక్కువ కాబట్టి నష్టం తక్కువ అనుకోవడం తప్పు. తునికాకు సరిగ్గా కాలదు, ఆరిపోకుండా ఉండాలంటే వెంటవెంటనే, లోతుగా దమ్ము లాగాలి. అందువల్ల నికోటిన్, తారు సిగరెట్‌కు ఏమీ తీసిపోకుండా లోపలికి వెళ్తాయి. కట్టలతో కాకుండా బీడీల సంఖ్యతోనే లెక్క రాయండి. చుట్ట తాగేవాళ్ళూ ఇవే మెట్లు పాటించవచ్చు. శ్రీకాకుళం, విశాఖ వైపు ఇప్పటికీ పెద్దవయసు ఆడవాళ్ళు కొందరు నిప్పు నోటి లోపలికి పెట్టి అడ్డపొగ తాగుతారు. ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. మీ ఇంట్లో అలా తాగే అమ్మమ్మో నాయనమ్మో ఉంటే, మానిపించే ప్రయత్నం ఎలా ఉన్నా, ముందు ఒకసారి దంతవైద్యుడికి అంగిలి చూపించండి. తెల్లటి మచ్చ, మానని పుండు ఉంటే ఆలస్యం చేయొద్దు.

3. తేదీ పెట్టుకోండి

ఇవాళ్టి నుంచి రెండు వారాల లోపు ఒక రోజు. ఇంట్లో పెళ్ళి, నెలాఖరు లెక్కలు, నైట్ షిఫ్ట్ మారే వారం కాకుండా చూసుకోండి. అంతకంటే మంచిరోజు కోసం వెతకొద్దు, దొరకదు.

ఆ రోజు నుంచి పూర్తిగా ఆపేయడం మేలు. అది సాధ్యం కాదనిపిస్తే, తేదీకి ముందున్న రెండు వారాల్లో సగానికి తగ్గించి, తేదీ రోజున ఆపండి. తగ్గించేటప్పుడు 1 మార్కువి ముందు తీసేయండి. ఈ దారిలో జరిగే పొరపాటు ఒకటుంది: 12 నుంచి 4కి వచ్చి అక్కడే నెలల తరబడి ఉండిపోవడం. ఆ నాలుగింటినీ ఫిల్టర్ కాలేదాకా పీలుస్తారు, అవి మరింత ముద్దొస్తాయి. తగ్గించడం తేదీ వరకే. 'లైట్' సిగరెట్‌కు మారడమూ ఇలాంటిదే. తగ్గిన నికోటిన్ కోసం తెలియకుండానే లోతుగా లాగుతారు.

4. ముందు రోజు రాత్రి ఇల్లు సర్దండి

మిగిలిన సిగరెట్లు నీళ్ళలో వేసి పారేయండి. ఎవరికీ ఇవ్వొద్దు, దాచొద్దు. లైటర్లు, యాష్‌ట్రే, బండి డిక్కీ, ఆఫీసు సొరుగు, చలికోటు జేబులు అన్నీ చూడండి. కిళ్ళీ కొట్టులోనో పాన్ డబ్బాలోనో ఖాతా ఉంటే బాకీ కట్టేసి, "రేపట్నుంచి నాకివ్వకు అన్నా" అని చెప్పి రండి. మనకు విడి సిగరెట్ దొరకడమే పెద్ద చిక్కు. ప్యాకెట్ కొనడానికి కాస్తయినా ఆలోచిస్తాం గానీ ఒక్కటి కొనడానికి చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్తుంది. మొదటి నెల ఆ కొట్టు ముందు నుంచి కాకుండా వేరే దారిలో వెళ్ళండి.

5. గమ్ సరిగ్గా వాడండి

"గమ్ వాడాను, ఎక్కిళ్ళు వచ్చాయి, మంట పుట్టింది, పారేశాను" అనేవాళ్ళు అందరూ చేసే తప్పు ఒకటే, దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమలడం. అందులోని నికోటిన్ చిగుళ్ళు, బుగ్గ లోపలి చర్మం ద్వారా ఎక్కాలి. గబగబా నమిలితే లాలాజలంతో కలిసి గొంతులోకి దిగి, కడుపులో మంట పెడుతుంది. పని మాత్రం చేయదు.

వాడే తీరు ఇది. నీళ్ళతో నోరు పుక్కిలించండి. ముక్కను నోట్లో వేసుకుని చాలా నెమ్మదిగా, పది పదిహేను సార్లు నమలండి. నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంటుంది. అప్పుడు నమలడం ఆపి, ముక్కను బుగ్గకూ చిగురుకూ మధ్య దోపి ఉంచండి. ఒక నిమిషం తర్వాత చురుకు తగ్గుతుంది. మళ్ళీ నాలుగైదు సార్లు నమలండి, ఈసారి రెండో బుగ్గలో ఉంచండి. ఇలా అరగంట. ఎంత నమిలినా చురుకు రాకపోతే అయిపోయినట్టే, కాగితంలో చుట్టి పారేయండి. పిల్లలకు, పెంపుడు కుక్కలకు అందేచోట వేయొద్దు.

ఎన్ని? మొదటి ఆరు వారాలు గంట నుంచి రెండు గంటలకు ఒకటి. రోజుకు కనీసం 8 లేదా 9. యావ పుట్టాక పరుగెత్తి వేసుకునేది కాదు, టైము ప్రకారం వేసుకోవాలి. సిగరెట్ నికోటిన్ కొన్ని సెకన్లలో మెదడుకు చేరుతుంది, గమ్‌కు పదుల నిమిషాలు పడుతుంది. అంచేత ముందే ఉండాలి. రోజుకు 24 దాటకూడదు. ఇదీ నికోటినే కదా అని భయపడి రోజుకు రెండు మూడు మాత్రమే నమిలి "పనిచేయలేదు" అనడం రెండో పెద్ద తప్పు. క్యాన్సర్ తెచ్చేది ముఖ్యంగా పొగలోని తారు, ఇతర రసాయనాలు. గమ్‌లో అవి లేవు.

గమ్ వేసుకోవడానికి 15 నిమిషాల ముందు, నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, టీ, కూల్‌డ్రింక్, నిమ్మరసం తాగొద్దు. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ చిగుళ్ళలోకి ఎక్కదు.

కట్టుడు పళ్ళు ఉన్నవాళ్ళకు గమ్ అంటుకుంటుంది. వాళ్ళకు బుగ్గన పెట్టుకుని కరిగించే నికోటిన్ బిళ్ళలు నయం. వాటిని నమలకూడదు, మింగకూడదు.

ప్యాచ్ అయితే: రోజుకు 10 కంటే ఎక్కువ తాగేవాళ్ళు 21 మిల్లీగ్రాములతో ఆరు వారాలు, తర్వాత 14తో రెండు వారాలు, 7తో రెండు వారాలు. 10 లోపువాళ్ళు 14తో మొదలు. స్నానం చేసి, ఒళ్ళు బాగా తుడుచుకుని, వెంట్రుకలు లేని భుజం పైభాగంలో అంటించి పది సెకన్లు అరచేత్తో నొక్కండి. ఆ చోట నూనె, పౌడరు ఉంటే అంటదు. మన ఎండాకాలం చెమటకు అంచులు లేస్తాయి, పైన మందుల షాపులో దొరికే టేపు వేసుకోండి. రోజూ చోటు మార్చాలి. పిచ్చి కలలు వస్తుంటే రాత్రి పడుకునే ముందు తీసేయండి. చిన్న ఊళ్ళలో ప్యాచ్ వెంటనే దొరకకపోవచ్చు, వారం ముందే చెప్పి తెప్పించుకోండి. పట్టు గట్టిగా ఉన్నవాళ్ళకు ప్యాచ్ మీద గమ్ కూడా ఇస్తారు. ఒక్కటే వాడినదానికంటే ఈ జోడీ బాగా పనిచేస్తుంది, కాకపోతే డాక్టర్‌ను అడిగి చేయండి.

మాత్రలు వెరెనిక్లిన్, బుప్రోపియాన్. రెండింటికీ చీటీ తప్పనిసరి. తేదీకి వారం, పది రోజుల ముందే మొదలుపెట్టాలి కాబట్టి తేదీ రోజున డాక్టర్ దగ్గరకు వెళ్తే ఆలస్యమే. మూర్ఛ ఉన్నవాళ్ళు బుప్రోపియాన్ వాడకూడదు. వెరెనిక్లిన్ పరగడుపున వేసుకుంటే వికారం, తిన్నాక గ్లాసుడు నీళ్ళతో వేసుకోండి.

6. ఒక్కో సిగరెట్‌కీ బదులు రాయండి

మొదటి మెట్టులో రాసిన కాగితాలు తీయండి. 3 మార్కులు వచ్చిన చోట్లు నాలుగైదు ఉంటాయి. ఒక్కోదాని పక్కన బదులు రాయాలి. "వేరే ఆలోచన చేస్తాను" అని రాయొద్దు. చేతికో నోటికో కాళ్ళకో పని చెప్పండి.

లేవగానే తాగేది. రాత్రంతా నికోటిన్ లేక ఒళ్ళు అడుగుతుంది, పైగా చాలామందికి సిగరెట్ లేనిదే విరేచనం కాదు. నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది కాబట్టి అది నిజమే, అపోహ కాదు. ముందు రోజు రాత్రి ఒక చెంచా ఇసబ్‌గోల్ పొట్టు పెద్ద గ్లాసు నీళ్ళలో కలిపి వెంటనే తాగేయండి. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చటి నీళ్ళు తాగి, గమ్ నోట్లో వేసుకుని, పది నిమిషాలు ఇంట్లోనే నడవండి. ఫోన్ బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్ళొద్దు, లోపల కూర్చునే టైము తగ్గాలి. మొదటి నాలుగైదు రోజులు ఇబ్బందిగానే ఉంటుంది, వారంలో సర్దుకుంటుంది.

టీతో తాగేది. అన్నిటికంటే మొండిది ఇదే. 10.45కి టీ అయితే 10 గంటలకే గమ్ వేసుకోండి. అరగంట నమిలి పారేసి, పావుగంట ఆగి టీకి వెళ్తే అప్పటికి నికోటిన్ ఒంట్లో ఉంటుంది, టీకీ గమ్‌కీ గొడవ రాదు. మీరు గ్లాసు ఏ చేత్తో పట్టుకుంటారో గమనించండి. సిగరెట్ కుడిచేతిలో, గ్లాసు ఎడమచేతిలో ఉండటం చాలామందికి అలవాటు. ఇప్పుడు గ్లాసును కుడిచేత్తో పట్టుకోండి, లేదా రెండు చేతులా. వింతగా అనిపిస్తుంది, ఫరవాలేదు. ఖాళీగా వేలాడే కుడిచెయ్యే పక్కవాడి ప్యాకెట్ వైపు వెళ్తుంది. మొదటి రెండు వారాలు టీ కొట్టు మార్చండి, లేదా టీ సీటు దగ్గరకే తెప్పించుకోండి. టీ, కాఫీ సగానికి తగ్గించండి. పొగ మానితే కెఫీన్ ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది, అదే నాలుగు టీలకు ఇప్పుడు దడ, చిరాకు, నిద్రలేమి ఎక్కువవుతాయి. దాన్ని సిగరెట్ లేని బాధ అనుకుని చాలామంది లొంగిపోతారు.

భోజనం తర్వాతది. ఇది "అయిపోయింది" అనే గుర్తు. ఆ గుర్తును మార్చండి. మజ్జిగ అన్నంతో ముగించి, చెయ్యి కడుక్కున్న వెంటనే పళ్ళు తోముకోండి, ఆఫీసులోనైనా సరే. తర్వాత చిటికెడు సోంపు, పది నిమిషాల నడక. తిన్నచోటే కూర్చుని ఉండొద్దు.

ఫోన్‌లో తాగేది, ఖాళీగా ఉండి తాగేది. దాల్చిన చెక్క ముక్క వేళ్ళ మధ్య పట్టుకోండి, అంచు కొరకండి. దాని పొడవూ లావూ చేతికి సరిపోతాయి, ఘాటు నాలుకకు పని పెడుతుంది. ఎండు ఉసిరి కూడా మంచిదే, కాకపోతే పులుపు కాబట్టి దాని తర్వాత నోరు పుక్కిలించి పావుగంట ఆగి గమ్ వేసుకోవాలి.

మందుతో తాగేది. దీనికి బదులు లేదు. మొదటి నెల మందు పార్టీకి వెళ్ళొద్దు. రెండో పెగ్గు దగ్గర ఏ కాగితమూ గుర్తుండదు.

ఏవి బదులు కావో కూడా తెలియాలి. వక్కపొడి, వక్కతో కిళ్ళీ బదులు కావు. పొగాకు కలపకపోయినా వక్క క్యాన్సర్ కారకమే. సిగరెట్ మాని స్వీట్ పాన్‌కు, వక్కపలుకులకు దిగడం మన దగ్గర బాగా కనిపించే పొరపాటు. గుట్కా, ఖైనీ, జర్దా అన్నీ పొగాకే. ఆయుర్వేదం పేరుతో అమ్మే మూలికల సిగరెట్లు కాలుతున్న ఆకు పొగే, అందులోనూ తారు, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. హుక్కా ఒక్క కూర్చోవడంలో సిగరెట్ కంటే ఎన్నో రెట్ల పొగ లోపలికి పంపుతుంది. ఇ-సిగరెట్ల అమ్మకం మన దేశంలో 2019 నుంచి నిషేధం. దొంగచాటుగా దొరికేదాంట్లో ఏముందో ఎవరికీ తెలియదు.

7. మొదటి మూడు రోజులు

నికోటిన్ రక్తంలో రెండు గంటలకోసారి సగమవుతుంది. మొదటి రోజు సాయంత్రానికే చిరాకు మొదలై రెండో రోజు, మూడో రోజు బాగా ముదురుతుంది. ఆ తర్వాత దిగుతూ వస్తుంది, మొత్తం రెండు నుంచి నాలుగు వారాలు. ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి: "ఈ వారం కసురుకుంటే పట్టించుకోవద్దు."

యావ అలలా వస్తుంది. మూడు నుంచి ఐదు నిమిషాలు. గడియారం చూసి నిలబడటం కష్టం కాబట్టి ఆ ఐదు నిమిషాలకూ వరస పెట్టుకోండి: ఉన్నచోటు నుంచి లేవడం, గ్లాసుడు నీళ్ళు గుటక గుటకగా తాగడం, ముక్కుతో నెమ్మదిగా పీల్చి నోటితో ఊదేస్తూ పది శ్వాసలు, ఒక అంతస్తు మెట్లు ఎక్కి దిగడం. ఇంకా ఉంటే విషయం చెప్పి ఉంచిన ఆ మనిషికి ఫోన్. పది శ్వాసల మాట తేలిగ్గా తీసుకోకండి. దమ్ము లాగేటప్పుడు మీరు చేసేది లోతైన శ్వాసే, కొంత హాయి అందులోంచే వచ్చింది.

8. రెండో వారం నుంచి వచ్చేవి

దగ్గు కొన్నాళ్ళు పెరగవచ్చు. ఊపిరితిత్తుల్లో కఫాన్ని బయటికి ఊడ్చే సన్నని నూగు మళ్ళీ పనిచేయడం మొదలుపెడుతుంది. నీళ్ళు బాగా తాగండి. నెల దాటినా తగ్గకపోయినా, రక్తం పడినా, జ్వరం లేదా బరువు తగ్గడం ఉన్నా ఎక్స్‌రే, కఫం పరీక్ష చేయించుకోవాలి.

నోటిపూత, మలబద్ధకం, తల పట్టేసినట్టు ఉండటం మామూలే, పోతాయి.

బరువు ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరగవచ్చు. మొదటి నెలలో దీనికోసం కడుపు మాడ్చుకోవద్దు, ఆకలీ యావా ఒకేలా అనిపిస్తాయి, తేడా తెలియక సిగరెట్ దగ్గరకు వెళ్తారు. గుప్పెడు వేయించిన శనగలు, జామకాయ, కీరా, మజ్జిగ దగ్గర పెట్టుకోండి. సిగరెట్ డబ్బుతో రోజూ మిర్చి బజ్జీ తినడం మాత్రం బదులు కాదు.

దిగులు రెండు వారాలు దాటి ఉంటే, బతకాలనిపించకపోతే ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, డాక్టర్‌కూ చెప్పండి.

9. ఒకటి తాగేస్తే

మిగిలిన ప్యాకెట్ నీళ్ళలో వేయండి. ఎక్కడ, ఎవరితో, ఎన్నింటికి అని అదే కాగితం మీద రాయండి. ఆ చోటుకు మీ దగ్గర బదులు లేదన్నమాట, ఇప్పుడు రాయండి. గమ్ అదే రోజు కొనసాగించండి. చెడగొట్టేది ఆ ఒక్క సిగరెట్ కంటే దాని తర్వాత వచ్చే మాట: "ఎలాగూ తాగేశాను కదా, సోమవారం నుంచి మళ్ళీ మొదలెడతా." సోమవారం లోపు నలభై తాగుతారు. అలాగని "నెల మానేశాను, ఒక్క దమ్ముతో ఏమవుతుందిలే" అని పరీక్ష పెట్టుకోవద్దు. ఒక్క దమ్ము కూడా వద్దు అనేదే నియమం, జారితే అక్కడే ఆగాలి.

దీక్షలో ఉన్నవాళ్ళకు

అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు సిగరెట్ ముట్టనివాళ్ళు మన ఊళ్ళలో ఎంతమందో. రంజాన్ ఉపవాసాల్లో పగలంతా, క్రైస్తవుల శ్రమదినాల్లో 40 రోజులు మానేవాళ్ళూ ఉన్నారు. ఆలోచించండి, 41 రోజులంటే ఒళ్ళు పడే బాధ మొత్తం దాటిపోయినట్టే. అంత కష్టం గట్టెక్కి, మాల తీసిన రోజు తిరుగు ప్రయాణంలోనే అంటిస్తారు. ఎందుకంటే ఆ రోజులన్నిటికీ దీక్షే బదులుగా నిలబడింది. లేవడం, స్నానం, పూజ, భిక్ష, చుట్టూ ఉన్న స్వాములు, మారిన దినచర్య. మాలతో పాటు ఆ బదులన్నీ ఒక్కసారిగా పోతాయి.

కాబట్టి ఈసారి మాల వేసుకునే ముందే మొదటి మెట్టు లెక్క రాసి దాచుకోండి. 30వ రోజు దాన్ని తీసి, 42వ రోజు ఉదయం నుంచి రాత్రి దాకా ఏ చోట ఏ బదులో రాయండి. తిరుగు ప్రయాణంలో పొగ తాగనివాళ్ళ పక్కన కూర్చోండి. తెల్లవారుజామున లేవడం, చన్నీళ్ళ స్నానం మాల తీశాక కూడా ఇంకో నెల కొనసాగించండి, వాటికి నియమం అడ్డు రాదు. రంజాన్‌లో అయితే జాగ్రత్త పడాల్సింది ఇఫ్తార్ తర్వాతి పది నిమిషాలు. ఖర్జూరం, నీళ్ళు, నమాజు అయ్యాక బయటికి కాకుండా ఇంట్లోకే వెళ్ళండి.

10. పనిచేస్తోందో లేదో చూసుకోండి

మెట్లు. మానే ముందు రోజు ఒకే మెట్ల దారిలో మూడు అంతస్తులు ఎక్కి, ఆగిన వెంటనే నిమిషం పాటు నాడి లెక్కపెట్టి రాయండి. నాలుగో వారం, పన్నెండో వారం అదే దారిలో మళ్ళీ. గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఇది చేయొద్దు.

ఊపిరి పరీక్ష. పొగాకు మాన్పించే కేంద్రాల్లో, అవి జిల్లా ఆసుపత్రుల్లో, డెంటల్ కాలేజీల్లో ఉంటాయి, చిన్న యంత్రంలో ఊదిస్తే కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో తెలుస్తుంది. 10 పీపీఎం లోపు ఉంటే సాధారణంగా పొగ తాగనట్టు లెక్క. ఇది గత ఒకటి రెండు రోజుల సంగతే చెబుతుంది. గమ్ వాడుతున్నా తేడా రాదు. మూత్రంలో కోటినిన్ (నికోటిన్ ఒంట్లో మారి తయారయ్యే పదార్థం) పరీక్ష అలా కాదు, గమ్, ప్యాచ్ వాడేవాళ్ళకు కూడా 'ఉంది' అని చూపిస్తుంది. బీమా కోసమో ఉద్యోగం కోసమో అది చేయిస్తే గమ్ వాడుతున్నట్టు ముందే రాసివ్వండి.

డబ్బు. ఒక్కోటి 20 రూపాయలనుకుంటే 12 సిగరెట్లకు రోజుకు 240, నెలకు 7,200, ఏడాదికి 87,600. లెక్క వేసి ఊరుకుంటే కనిపించదు. ఏ రోజు డబ్బు ఆ రోజు డబ్బాలో వేయండి, గమ్ ఖర్చు అందులోంచే తీయండి. నెలాఖరున మిగిలినదాన్ని ఇంట్లోవాళ్ళ చేతికివ్వండి.

11. గమ్ దించండి

ఆరు వారాలయ్యాక 7 నుంచి 9 వారాల్లో రెండు నుంచి నాలుగు గంటలకు ఒకటి. 10 నుంచి 12 వారాల్లో నాలుగు నుంచి ఎనిమిది గంటలకు ఒకటి. తీసేటప్పుడు 1 మార్కు చోట్లవి ముందు, టీ ముందుది, పొద్దున లేవగానేది చివర. గమ్ తీసేసిన చోట సోంపు, నడక అలాగే ఉండాలి. రెండూ ఒకేసారి తీయొద్దు. ఒక వారం యావ మళ్ళీ పెరిగితే ముందు వారం లెక్కకు వెళ్ళి ఇంకో వారం ఉండండి, తొందరేమీ లేదు. పన్నెండు వారాలు దాటినా వదల్లేకపోతే డాక్టర్‌ను అడగండి, భయపడి ఒక్కసారిగా ఆపి సిగరెట్ వైపు వెళ్ళడం కంటే ఇంకొన్నాళ్ళు గమ్ వాడటమే నయం. పూర్తిగా ఆపాక కూడా ఒక గమ్ స్ట్రిప్ దగ్గర ఉంచుకోండి. పాత స్నేహితుడి ఇంట్లో పెళ్ళికో, చావు కబురు విని రాత్రికి రాత్రి ఊరికో బయల్దేరినప్పుడు, బస్సు దాబా దగ్గర ఆగినప్పుడు అది జేబులో ఉండాలి.